పద్మనాభం ఊరా, నటుడా? వికీపీడియాలో పేర్ల తికమకనూ చిల్లర విశేషాలనూ చక్కదిద్దడం ఎలా

విశాఖపట్నం జిల్లాలో పద్మనాభం అనే ఊరుంది. కొండమీద అనంత పద్మనాభస్వామి గుడి, కొండ కింద ఊరు, ఆ ఊరి పేరుతోనే మండలం. తెలుగు సినిమాల్లో దశాబ్దాల పాటు జనాన్ని నవ్వించిన నటుడి పేరు కూడా పద్మనాభమే. పేరు కలవడం తప్ప ఊరికీ నటుడికీ వేరే చుట్టరికం లేదు. అయినా ఊరి వ్యాసం అడుగున “విశేషాలు” అనే శీర్షిక కనబడగానే, “ప్రముఖ హాస్యనటుడు పద్మనాభం స్వగ్రామం ఇదే” అని ఎవరో ఒకరు చేర్చిపోవడానికి రెండు నిమిషాలు పట్టదు. దాన్ని తీసేయడానికి మాత్రం ఒక్కోసారి ఏళ్లు పడుతుంది, ఎందుకంటే అది తప్పని తెలిసినవారు ఆ పేజీకి రారు, వచ్చినవారికి అది తప్పని తెలియదు.

తెలుగు వికీపీడియాలో రాసేవారికి రెండు పనులు తరచుగా తగులుతుంటాయి. వ్యాసం చివర పోగుపడే చిల్లర విశేషాలను సర్దడం ఒకటి, ఒకే పేరున్న విషయాలను విడదీయడం రెండోది. వీటిని వేర్వేరు పనులుగా చూడటమే అలవాటు. నేను మాత్రం రెండింటినీ ఒకే విడతలో చేయమంటాను. పేర్ల తికమకలోంచే తప్పుడు విశేషాలు పుడతాయి, ఆ విశేషాల్లోని లింకులే తికమకను మరో నాలుగు పేజీలకు మోసుకుపోతాయి. కాబట్టి పద్మనాభాన్నే నమూనాగా పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో చూద్దాం. ఇక్కడ నేను చూపే విశేషాల విభాగం సాధన కోసం ఊహించుకున్నది. పేర్లూ తేదీలూ మాత్రం నిజమైనవే.

ముందు చదవండి, తరవాతే “సవరించు” నొక్కండి

పేజీ తెరవగానే మూడు చోట్లు చూడండి. మొదటిది చర్చా పేజీ: ఇదే తగవు ఇంతకుముందే జరిగి, ఒక నిర్ణయం అయిపోయి ఉండవచ్చు. రెండోది పేజీ చరిత్ర: విశేషాల విభాగాన్ని ఎవరు, ఎప్పుడు మొదలుపెట్టారో, ఏ వాక్యం ఏ దిద్దుబాటులో వచ్చిందో అక్కడ తెలుస్తుంది. మూడోది “ఇక్కడికి లింకున్న పేజీలు”. చాలామంది దీన్ని చివర చూస్తారు. నేను మొదట్లోనే చూసి, కాగితం మీద రెండు గడులు గీసి, ఊరిని ఉద్దేశించిన లింకులెన్ని, నటుణ్ణి ఉద్దేశించినవెన్ని అని గీతలు పెట్టుకుంటాను. తరవాత తీసుకోవలసిన నిర్ణయాల్లో చాలావాటికి ఆ గీతలే జవాబు చెబుతాయి.

ఇప్పుడు మన నమూనా విభాగంలో ఈ నాలుగు వాక్యాలున్నాయనుకోండి. “1794లో ఇక్కడ పెద్ద యుద్ధం జరిగి విజయనగరం రాజు విజయరామరాజు మరణించాడు.” “హాస్యనటుడు పద్మనాభం స్వగ్రామం ఇదే.” “గుడి మెట్లు ఎంతమంది ఎక్కినా ఆయాసం రాదని భక్తుల నమ్మకం.” “ఇక్కడ చాలా సినిమాలు తీశారు.”

మొత్తం విభాగాన్ని ఒక్క దెబ్బకు కొట్టేయాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. మొదట్లో నేను ఒక ఊరి వ్యాసంలో అదే చేశాను. పోగులో ఎక్కువ భాగం పనికిరానిదే, కానీ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పే వాక్యం ఒకటి అందులో ఉంది, దానికి మంచి మూలం దొరుకుతుంది కూడా. మరో వాడుకరి దాన్ని వెనక్కి తెచ్చి, చర్చా పేజీలో “దుమ్ము దులపమంటే గోడ కూల్చారు” అని మర్యాదగానే చీవాట్లు పెట్టారు. అప్పటినుంచి ఒక్కో వాక్యాన్నీ విడిగా తీసుకుని, ఇది నిజమేనా, ఈ వ్యాసానికి చెందినదేనా, చెందితే ఏ విభాగంలో ఉండాలి అని మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను.

నాలుగు వాక్యాలకు నాలుగు దారులు

మొదటి వాక్యం చిల్లర విశేషం కానే కాదు, ఆ ఊరికి చరిత్ర పుస్తకాల్లో చోటు దొరికిందే దాని వల్ల. 1794 జులై 10న ఈస్టిండియా కంపెనీ సేనలతో పద్మనాభం దగ్గర జరిగిన పోరులో విజయనగర సంస్థానాధీశుడు చిన విజయరామరాజు మరణించాడు. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ వంటి పాత గ్రంథాలు దీనికి మూలాలుగా పనికొస్తాయి. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం లాంటి చోట ఒక పూట కూర్చుంటే స్థానిక చరిత్ర పుస్తకాలు మరికొన్ని చేతికందుతాయి. ఈ వాక్యాన్ని “చరిత్ర” అనే విభాగంలోకి తీసుకువెళ్లి, తేదీ చేర్చి, మూలం పెట్టండి.

అయితే అదే వాక్యంలో రెండు లింకులు పొంచి ఉన్నాయి. “విజయనగరం” అన్నది ఉత్తరాంధ్రలోని పట్టణం, సంస్థానం. హంపి రాజధానిగా 1336లో మొదలైన విజయనగర సామ్రాజ్యం వేరు. “విజయనగర రాజు” అని రాసి, మొదట కనబడిన సూచన మీద నొక్కితే ఉత్తరాంధ్ర రాజు కృష్ణదేవరాయల వంశంలో చేరిపోతాడు. రెండో లింకు విజయరామరాజు. ఆ సంస్థానంలో ఆ పేరు ఒక్కరిది కాదు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం ముగిశాక తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయినవాడు పెద విజయరామరాజు. ముప్ఫై ఏడేళ్ల తరవాత పద్మనాభంలో చనిపోయినవాడు చిన విజయరామరాజు. “పెద”, “చిన” లేకుండా లింకిస్తే ఒక మనిషి రెండుసార్లు చనిపోతాడు.

రెండో వాక్యం తప్పు. నటుడు పద్మనాభం 1931లో కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టాడు. ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది: సింహాద్రి అంటే విశాఖవాసికి సింహాచలమే గుర్తొస్తుంది. కాబట్టి “సింహాద్రిపురంలో పుట్టాడు” అన్న వాక్యం చదివి, “అయితే మనవాడే” అనుకుని ఊరి పేజీలో చేర్చినవారు కావాలని అబద్ధం రాశారని అనుకోనవసరం లేదు. తొలగించేటప్పుడు దిద్దుబాటు సారాంశంలో (మార్పును భద్రపరిచేటప్పుడు దాని గురించి రాసే చిన్న వివరణలో) “తప్పు” అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా, “నటుడు పద్మనాభం జన్మస్థలం కడప జిల్లా సింహాద్రిపురం, ఊరి పేరుతో పోలిక వల్ల పొరబాటు” అని పూర్తిగా రాయండి. మళ్లీ చేర్చబోయేవారు చరిత్రలో అది చూస్తారు.

మూడోది నమ్మకం. నమ్మకాన్ని నమ్మకంగా నమోదు చేసిన పుస్తకమో పత్రికా వ్యాసమో ఉంటే గుడి గురించిన విభాగంలో “అని భక్తులు చెప్పుకుంటారు” అంటూ ఉంచవచ్చు. లేకపోతే వాక్యాన్ని చర్చా పేజీలో పెట్టి, మూలం దొరికితే చేర్చమని అడిగి, వ్యాసంలోంచి తీసేయండి. నాలుగోదాని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఏ సినిమా, ఏ సంవత్సరం, ఎవరు చెప్పారు అన్నవేవీ లేని వాక్యం అది. తొలగించండి.

నాలుగు వాక్యాలూ తమ తమ చోట్లకు పోయాక “విశేషాలు” శీర్షిక ఖాళీ అవుతుంది. శీర్షికను అప్పుడు తీసేయండి. ఖాళీ శీర్షికను అలాగే వదిలితే అది అరుగు లాంటిది, ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు.

విశేషం నిజమే, కానీ చోటు ఇది కాదు

తప్పుడు విశేషాలను తీసేయడం తేలిక. నిజమైనవాటితోనే కష్టం, ఎందుకంటే చేర్చినవారు “ఇది నిజం కాదా?” అని అడుగుతారు. నిజమే, కానీ అది ఎవరి గురించిన నిజం అన్నది మన ప్రశ్న.

2005 ఏప్రిల్ 5న విశాఖపట్నంలో పాకిస్తాన్‌పై మహేంద్ర సింగ్ ధోనీ 148 పరుగులు చేశాడు. వన్డేల్లో అతనికి అదే తొలి శతకం. విశాఖపట్నం నగర వ్యాసంలో దీన్ని చేర్చాలని మనకు ఎంత ఉబలాటంగా ఉన్నా, ఇరవై లక్షల మంది బతికే ఊరి చరిత్రలో అది ఒక మధ్యాహ్నం. పీఎం పాలెంలోని క్రికెట్ స్టేడియం వ్యాసంలో మాత్రం అది తప్పక ఉండాలి, ఎందుకంటే ఆ మైదానంలో జరిగిన మొదటి వన్డే కూడా అదే. అంటే విశేషాన్ని పెద్ద పేజీ నుంచి దానికి సరిపోయే చిన్న పేజీకి దించాలి. దించేటప్పుడు ఎక్కడినుంచి తెచ్చారో దిద్దుబాటు సారాంశంలో పేజీ పేరుతో సహా రాయాలి. ఆ వాక్యం రాసినవారి పేరు పాత పేజీ చరిత్రలో ఉంది, వికీపీడియా లైసెన్సు ప్రకారం వారి పేరుకు దారి తెగకూడదు.

దీనికి తలకిందులైన సందర్భమూ ఉంటుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయన్న సంగతి “మీకు తెలుసా” ధోరణిలో ఏ బీచ్ పేజీలోనో చిన్న వాక్యంగా కనబడితే, దాన్ని పైకి తేవాలి. అది నగర చరిత్ర విభాగంలో, మూలంతో, ఒక పేరాగా ఉండదగిన విషయం.

ఘాజీ సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖ తీరానికి దగ్గరలో మునిగిపోయింది. ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాల కథనాలు కలవవు. మన నౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాడి వల్లనని భారత నౌకాదళం, లోపలి పేలుడో సముద్రపు మందుపాతరో కారణమని పాకిస్తాన్ చెబుతాయి. ఇంత వివాదం ఉన్న విషయాన్ని ఆర్కే బీచ్ వ్యాసంలో “ఘాజీని మనవాళ్లు ఇక్కడే ముంచారు” అని ఒక్క వాక్యంలో తేల్చేయకూడదు. బీచ్ పేజీలో అక్కడి యుద్ధ స్మారకం గురించి చెప్పి, మిగతాదానికి జలాంతర్గామి వ్యాసానికి లింకివ్వండి. ఆ లింకు కూడా ఉత్త “ఘాజీ” అని ఇవ్వకండి, 2017లో వచ్చిన సినిమా పేరు కూడా అదే.

సినిమాల జాబితాల గురించి నా అభిప్రాయం కాస్త కఠినమైనది. విశాఖ బీచ్‌లోనో భీమిలిలోనో ఒక్క పాటైనా తీయని తెలుగు నిర్మాత అరుదు. అలాంటప్పుడు “ఇక్కడ తీసిన సినిమాలు” అన్న జాబితాకు అంతు ఉండదు, ఎవరి అభిమాన నటుడి సినిమాను వారు చేర్చుకుంటూ పోతారు. జాబితాకు గడప ఒకటి కట్టండి: ఆ చోటుకూ ఆ సినిమాకూ ఉన్న సంబంధం గురించి సినిమావాళ్లు కాకుండా ఇతరులు రాసి ఉండాలి. 1978 నాటి మరోచరిత్ర ఆ గడప దాటుతుంది. కథే విశాఖలో నడుస్తుంది, దాని గురించి రాసినవారు ఊరి ప్రస్తావన లేకుండా రాయలేరు. జాబితాగా కాక, రెండు మూడు వాక్యాల పేరాగా రాస్తే ఇంకా మంచిది, పేరాకు ఒక పేరు అతికించడం జాబితాకు అతికించినంత సులువు కాదు. లింకు ఇచ్చేటప్పుడు గుర్తుంచుకోండి, 2010లో అదే పేరుతో ఇంకో మరోచరిత్ర వచ్చింది.

తీసేయడానికి మరీ మనసొప్పని విశేషం ఉంటే, దానికి న్యాయమైన చోటు ఒకటుంది. మొదటి పేజీలో “మీకు తెలుసా?” శీర్షిక సరిగ్గా ఇలాంటి వాటి కోసమే. వ్యాసంలో మూలంతో ఉన్న ఆసక్తికరమైన వాక్యాన్ని అక్కడికి ప్రతిపాదించండి.

ఇప్పుడు పేర్లను విడదీయడం

మీరు కాగితం మీద గీసుకున్న గీతలు ఇక్కడ పనికొస్తాయి. ముందుగా తేల్చుకోవలసింది ఏమిటంటే, ఆ ఒక్క పేరునూ బ్రాకెట్లు లేకుండా వాడుకునే హక్కు ఏ వ్యాసానికైనా ఉందా. కొన్ని సందర్భాల్లో సందేహమే ఉండదు. అల్లూరి సీతారామరాజు అంటే 1924లో మరణించిన విప్లవ వీరుడే. 1974 నాటి సినిమాకూ, 2022లో ఏర్పడిన జిల్లాకూ ఆ పేరు వచ్చింది ఆయన వల్లనే. కాబట్టి పేరు ఆయనకు వదిలి, సినిమాకు బ్రాకెట్లో “సినిమా” అని చేర్చాలి. జిల్లాకు బ్రాకెట్టే అక్కర్లేదు, “జిల్లా” అన్న మాట పేరులోనే ఉంది.

రెండే రెండు వ్యాసాలుండి, ఒకటి స్పష్టంగా ప్రధానమైతే ప్రత్యేకంగా అయోమయ నివృత్తి పేజీ (ఒకే పేరున్న వ్యాసాలన్నిటికీ దారి చూపే జాబితా పేజీ) తయారు చేయకండి. ప్రధాన వ్యాసం నెత్తిన “ఇదే పేరుగల ఫలానా కోసం ఇది చూడండి” అని ఒక వాక్యపు గమనిక చాలు. పాఠకుణ్ణి అనవసరంగా మధ్య మజిలీలో దింపడం ఎందుకు? 2014 అక్టోబరు 12న విశాఖను ఊపేసిన హుద్‌హుద్ తుపానుకు ఆ పేరు ఒక పక్షి నుంచి వచ్చింది. తెలుగులో ఆ మాట టైపు చేసేవారు తుపాను కోసమే చేస్తారు, పక్షికి ఒక గమనిక సరిపోతుంది.

ప్రధానం ఏదో తేల్చేటప్పుడు ఒక హెచ్చరిక, ఇది నాకూ వర్తిస్తుంది: ఆ ఊళ్లో ఉండేవాడి తీర్పు నమ్మదగింది కాదు. విశాఖ అంటే మాకు మా ఊరే. పంచాంగం చూసేవారికి అది ఇరవై ఏడు నక్షత్రాల్లో పదహారోది. బౌద్ధ సాహిత్యం చదివేవారికి బుద్ధుడి శిష్యురాలు. న్యాయశాస్త్ర విద్యార్థికి పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులపై సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు. రాజస్థాన్‌కు చెందిన విశాఖ అనే మహిళా సంస్థ పేరుమీద వచ్చిన ఆ తీర్పుకూ మా సముద్రానికీ ఏ సంబంధమూ లేదు, అయినా “విశాఖ మార్గదర్శకాలు” అన్న మాటను నగర వ్యాసానికి లింకు చేయడం చాలా తేలిగ్గా జరిగిపోతుంది. మన ఊరి అభిమానాన్ని పక్కనపెట్టి, పేజీ వీక్షణల లెక్క చూసి, లింకుల గీతలు చూసి, అప్పటికీ తేలకపోతే చర్చా పేజీలో అడగండి. “వైజాగ్” విషయంలో ఈ బాధ లేదు, అది నేరుగా విశాఖపట్నానికి దారిమార్పు, అంటే ఆ పేరు నొక్కినవారు విశాఖపట్నం వ్యాసానికే చేరతారు.

పద్మనాభం విషయంలో ఊరు, మండలం, నటుడు, యుద్ధం అని నాలుగు వ్యాసాలుంటాయి, ఏదీ మిగతావాటిని తోసిపారేసేంత పెద్దది కాదు. కాబట్టి ఉత్త “పద్మనాభం” అన్న పేరును అయోమయ నివృత్తి పేజీకి ఇవ్వడం న్యాయం. అది ఇలా ఉంటే చాలు:

పద్మనాభం పేరుతో ఉన్న వ్యాసాలు:
పద్మనాభం (గ్రామం) – విశాఖపట్నం జిల్లా, పద్మనాభం మండల కేంద్రం.
పద్మనాభం మండలం – విశాఖపట్నం జిల్లాలోని మండలం.
పద్మనాభం (నటుడు) – తెలుగు సినిమా హాస్యనటుడు (1931–2010).
పద్మనాభ యుద్ధం – 1794లో విజయనగర సంస్థానానికీ ఈస్టిండియా కంపెనీకీ జరిగిన పోరు.

ఒక్కో వరుసలో ఒక్కటే లింకు ఉండాలి, అది వరుస మొదట ఉండాలి. “విశాఖపట్నం జిల్లా”, “ఈస్టిండియా కంపెనీ” అన్న మాటలకు లింకులివ్వాలని చేయి లాగుతుంది, ఇవ్వకండి. ఈ పేజీకి వచ్చినవారు చదవడానికి రాలేదు, దారి అడగడానికి వచ్చారు. మూలాలూ బొమ్మలూ ఇక్కడ అక్కర్లేదు. వ్యాసం లేని విషయాన్ని చేర్చాలంటే, దాని గురించి కనీసం మరో వ్యాసంలో రాసి ఉండాలి.

పేరులో ఆ మాట కనబడినంత మాత్రాన ప్రతిదాన్నీ చేర్చడం ఇంకో పొరబాటు. తిరువనంతపురం గుడిని ఉత్త “పద్మనాభం” అని ఎవరూ అనరు, కాబట్టి దాన్ని మహా అయితే “ఇవి కూడా చూడండి” కింద పెట్టవచ్చు. వాల్తేరు పేజీలో వాల్తేరు వీరయ్య సినిమాకు కూడా ఇదే లెక్క. ఆ సినిమాకు టికెట్టు కొన్నవారెవరూ “వాల్తేరుకు వెళ్తున్నాం” అని ఉండరు. సింహాద్రి సంగతి వేరు: సింహాచలం కొండనూ, పరవాడ దగ్గరి థర్మల్ విద్యుత్ కేంద్రాన్నీ, 2003 నాటి సినిమానూ జనం నిజంగానే ఆ ఒక్క మాటతో పిలుస్తారు.

బ్రాకెట్లో ఏం రాయాలి?

వ్యక్తులకు వృత్తి, సినిమాలకు “సినిమా”, ఒకే పేరుతో రెండు సినిమాలుంటే ముందు సంవత్సరం. వీటి గురించి పెద్దగా ఆలోచించనవసరం లేదు. ఆలోచించవలసింది ఊళ్ల గురించే. కొత్తపల్లి, రామాపురం, వెంకటాపురం లాంటి పేర్లు తెలుగు నేలంతా ఉన్నాయి. 2020 మే 7న విషవాయువు లీకై ప్రాణాలు పోయిన వెంకటాపురం విశాఖ నగరంలోనిది, వెంకటాపురం పేరుతో మండలమే ఉన్నది తెలంగాణలోని ములుగు జిల్లాలో. ఆ దుర్ఘటన గురించి రాసిన వాక్యంలో లింకు ములుగుకు పోతే అది చిన్న పొరబాటు అనలేం.

గ్రామం పేరు పక్కన బ్రాకెట్లో మండలం పేరు పెట్టడం తెలుగు వికీపీడియాలో నిలదొక్కుకున్న పద్ధతి. దాని విలువ 2022 ఏప్రిల్ 4న తెలిసింది. ఆరోజు ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, పాత విశాఖపట్నం జిల్లాలోంచి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి. బ్రాకెట్లో జిల్లా పేరుండి ఉంటే వందలాది పేజీల పేర్లు మార్చవలసి వచ్చేది. మండలం పేరుండబట్టి పేరు నిలిచింది, పక్కనున్న వివరణ మారిస్తే సరిపోయింది. మీరు అయోమయ నివృత్తి పేజీ తెరిచినప్పుడు ఆ వివరణలను కూడా ఓ చూపు చూడండి; అరకునూ బొర్రా గుహలనూ ఇంకా విశాఖపట్నం జిల్లాలో ఉంచే వరుసలు తగులుతాయి. ఈ పద్ధతికీ ఒక లొసుగు ఉంది, మండలాల పేర్లు కూడా కలుస్తాయి. బొర్రా గుహలున్న అనంతగిరి మండలం అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, సూర్యాపేట జిల్లాలో ఇంకో అనంతగిరి మండలముంది, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలున్నాయి. అలాంటిచోట మండలాలకు జిల్లా పేరు చేర్చక తప్పదు.

తరలింపు, లింకుల మరమ్మతు

పేరు మార్చడానికి “తరలించు” అన్న సాధనమే వాడండి. పాత పేజీలోని పాఠ్యాన్ని కాపీ చేసి కొత్త పేజీలో అతికించడం ఎంత మాత్రం పనికిరాదు, దాంతో చరిత్ర పాత పేరు దగ్గరే ఉండిపోయి, రాసినవారి శ్రమ కొత్త పేజీలో మీ ఖాతాలో పడుతుంది. కొత్తగా చేరినవారికి కొద్ది రోజుల పాటు ఆ సాధనం కనబడకపోవచ్చు. కొత్త పేరుతో ఇప్పటికే చరిత్ర ఉన్న పేజీ ఉంటే తరలింపు జరగదు. అప్పుడు నిర్వాహకులను అడగాలి.

తరలించగానే “పద్మనాభం” అన్న పాత పేరు “పద్మనాభం (గ్రామం)”కు దారిమార్పుగా మారుతుంది. ఆ దారిమార్పు పేజీ తెరిచి అయోమయ నివృత్తి పాఠ్యాన్ని పెట్టాలి. ఆ క్షణం నుంచి పాత లింకులన్నీ నాలుగు దారుల కూడలికి వచ్చి ఆగుతాయి. అందుకే కాగితం తీసుకుని మరమ్మతుకు దిగాలి. ముందు మూసలతో (ఒకచోట రాసి చాలా పేజీల్లో వాడుకునే భాగాలతో) మొదలుపెట్టండి. మండలంలోని గ్రామాల పేర్లన్నీ ఉండే మూస ఆ మండలపు ప్రతి గ్రామం పేజీ అడుగున ఉంటుంది, దానిలో ఒక్క లింకు సరిచేస్తే డజన్ల కొద్దీ పేజీలు ఒకేసారి సర్దుకుంటాయి. “ఇక్కడికి లింకున్న పేజీలు” జాబితాలో ఆ మార్పు వెంటనే కనబడకపోతే కంగారు పడకండి, జాబితా తాజా కావడానికి కొంత సమయం పడుతుంది.

మిగిలినవాటిని చేత్తో సరిచేయాలి. తెలుగులో విభక్తులు పేరును వంచేస్తాయి కాబట్టి మనకు ఇక్కడ అదనపు పని ఉంటుంది. “పద్మనాభంలో” అన్నచోట [[పద్మనాభం (గ్రామం)|పద్మనాభం]]లో అని ప్రత్యయాన్ని లింకు బయట ఉంచవచ్చు; నిలువు గీతకు ముందున్నది వ్యాసం పేరు, తరవాతది పేజీలో కనబడే మాట. “పద్మనాభానికి” అన్నచోట అది కుదరదు, సున్న పోయి మాట రూపమే మారింది కాబట్టి [[పద్మనాభం (గ్రామం)|పద్మనాభానికి]] అని పూర్తి రూపాన్ని నిలువు గీత తరవాత రాయాలి. వాక్యాన్ని లింకు కోసం వంచకండి. “పద్మనాభం కి” అని రాసిన పేజీలు చూస్తే, రాసినవారికి తెలుగు రాదనిపిస్తుంది, నిజానికి వారికి తెలియనిది ఆ నిలువు గీత ఒక్కటే.

ఒకే పేరు కాకపోయినా ఒకేలా కనబడే పేర్లను కూడా ఈ విడతలోనే చూసుకోండి. విశాఖలో న్యాయవాదిగా ఉంటూ కథలూ నవలలూ రాసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) రావిశాస్త్రిగా ప్రసిద్ధుడు. క్రికెట్ ఆడినవాడు రవిశాస్త్రి. ఒక్క దీర్ఘం తేడా, ఫోను మీద టైపు చేసేవారి బొటనవేలికి ఆ దీర్ఘం లెక్కలోకి రాదు. ఇద్దరి వ్యాసాల నెత్తినా ఒక్కో గమనిక ఉండటం మంచిది. అలాగే శ్రీశ్రీ అని కలిపి రాస్తే కవి; విడదీసి రాసిన “శ్రీ శ్రీ” స్వామీజీల పేర్ల ముందు వచ్చే గౌరవ వాచకం కూడా కాగలదు.

పని ముగిసిందనుకున్న రెండు వారాలకు ఒకసారి తిరిగి వచ్చి, ఉత్త “పద్మనాభం”కు లింకున్న పేజీల జాబితా మళ్లీ తెరవండి. కొత్తవి చేరి ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం పాత సినిమా వ్యాసాల్లోని తారాగణం వరుసలే అయి ఉంటాయి. “పద్మనాభం, గీతాంజలి, రమాప్రభ” అన్న వరుసలో మొదటి పేరును నటుడి వ్యాసానికి సరిచేశాక, చేయి తీసేముందు పక్కనున్న గీతాంజలి లింకు కూడా నొక్కి చూడండి: అది నటి దగ్గరికి పోతోందా, రవీంద్రుడి కవితల దగ్గరికా, 1989 నాటి సినిమా దగ్గరికా. ఆ జాబితాలో చర్చా పేజీల నుంచి వచ్చే లింకులను మాత్రం ముట్టుకోకండి. అవి ఇతరులు తమ సంతకంతో రాసిన మాటలు.